హనుమకొండలో వాకర్లు, వీల్‌చైర్లు అరువిచ్చే బ్యాంకు పెడదామనుకుంటున్నం, ఎక్కడ మొదలుపెట్టాలె?

ప్రశ్న: మెకానికల్_మూడో_ఏడు

అందరికి నమస్తే. హనుమకొండల ఇంజనీరింగ్ చదువుతున్న ఎనిమిది మందిమి. తుంటి విరిగిన ముసలోళ్లకు, కాలు ఆపరేషన్ అయినోళ్లకు వాకర్ రెండు మూడు నెలలే పనిపడ్తది. తర్వాత అది సజ్జ మీదికి పోతది. సుబేదారి, నక్కలగుట్ట, నయీంనగర్ దిక్కు అడిగితే ఇట్లాంటివి మస్తు దొరుకుతయని మా అంచనా. ఇంకో దిక్కు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిల డిశ్చార్జ్ అయి ములుగు, నర్సంపేట, పరకాల పల్లెలకు పోయేటోళ్లల్ల కొనలేనోళ్లు గోడ పట్టుకొని నడుస్తరు. ఆ సజ్జ మీదిది వీళ్లకు అరువిచ్చి, పని అయినంక వాపస్ తీస్కొని ఇంకొకరికి ఇయ్యాలని మా ఆలోచన.

ఎన్జీవో రిజిస్టర్ చేయాల్నా? ఏ సామాను తీస్కోవాలె, ఏది వద్దనాలె? డిపాజిట్ పెట్టాల్నా? అమెరికల ఉన్న సీనియర్లు పైసలు పంపుతమంటున్నరు, తీస్కోవచ్చా? కాలేజీ ఒక గది ఇస్తమన్నది, రెండో అంతస్తుల. అన్నలు, అక్కలు తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జవాబు: ఫిజియో_హంటర్‌రోడ్

తమ్ముడూ, ముందు సామాను సంగతి చెప్తాను, మిగతావి వేరేవాళ్లు చెప్తారు.

మొదటి ఏడాది మడత వాకర్, చేతికర్ర, వీల్‌చైర్, కమోడ్ కుర్చీ, ఈ నాలుగే పెట్టుకోండి. వీటిలో పాడైంది కంటికి కనిపిస్తుంది, మీ చేతులతోనే బాగవుతుంది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, కఫం లాగే సక్షన్ మిషన్ ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. కాన్సంట్రేటర్ లోపల గాలిని వడకట్టే జియోలైట్ పాడైనా మోటారు తిరుగుతూనే ఉంటుంది, గాలి వస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ శాతం పడిపోయిందని మీటరు పెడితే తప్ప తెలియదు. వాడిన నడుము బెల్టులు, మెడ కాలర్లు కూడా వద్దు. చెమట పీల్చుకుని ఉంటాయి, ఒకరి కొలత ఇంకొకరికి రాదు. గాలి పరుపు ఇంకా ప్రమాదం. సన్న చిల్లు ఉంటే రాత్రికి రాత్రే చదునైపోయి, కదల్లేని మనిషికి పుండ్లు పడతాయి.

వాకర్‌లో చూడాల్సింది పైన మెరుపు కాదు, నాలుగు కాళ్ల కింది రబ్బరు బుష్షులు. సజ్జ మీద ఏళ్లుగా ఎండకూ వేడికీ ఉన్న బుష్ గట్టిబడి పగుళ్లిస్తుంది. తలకిందులు చేసి చూడండి. అడుగున గీతలు అరిగి నున్నబడినా, గోరుతో నొక్కితే లొంగకపోయినా మార్చాల్సిందే. గ్రానైట్ మీద చెంబెడు నీళ్లు ఒలికాయంటే అలాంటి బుష్ జారుతుంది, మనిషి మళ్లీ ఆసుపత్రికే. పైపు బయటి వ్యాసం కొలవండి, వెర్నియర్ మీ ల్యాబులోనే ఉంటుంది. ఎక్కువగా 22, లేదంటే 25 మిల్లీమీటర్లు వస్తుంది. అదే కొలత బుష్ కొనండి. వదులు బుష్‌లో గుడ్డపేలిక కుక్కి బిగించే పని మాత్రం చేయొద్దు. వాకిట్లో బురదలో కాలు దిగబడితే బుష్ అక్కడే ఉండిపోయి ఉత్త పైపు బయటికొస్తుంది. మార్చినప్పుడు నాలుగూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, మూడు అరిగినవి అయితే వాకరే కుంటుతుంది.

ఇక ఎత్తు. మనిషి ఇంట్లో ఏ చెప్పులు వేసుకుంటే ఆ చెప్పులతోనే నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడేయమనాలి. మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. పట్టుకుంటే మోచేయి ఇరవై ముప్పై డిగ్రీలు వంగుతుంది, అది సరైన ఎత్తు. పిడి మరీ కిందికి ఉంటే నడుము వంచి, కళ్లు నేలకేసి నడుస్తారు. పైకి ఉంటే భుజాలు పట్టేస్తాయి. తర్వాత నాలుగు కాళ్లనూ ఒకే రంధ్రం దగ్గర ఆపి, స్ప్రింగ్ బటన్ టక్కుమని పూర్తిగా బయటికి వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. సగమే వచ్చిన బటన్ బరువు పడగానే లోపలికి పోతుంది, ఆ కాలు కుంగిపోతుంది. వాకర్‌తో పడిపోయిన చోట ముందుగా చూడాల్సింది ఈ బటన్‌నే.

చేతికర్ర నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి. ఇది ఇచ్చేటప్పుడే నడిపించి చూపించండి, నోటితో చెప్తే ఇంటికి పోయాక మళ్లీ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

వీల్‌చైర్ అడిగినవాళ్లను ముందు బాత్రూం తలుపు వెడల్పు ఎంతో అడగండి. పెద్దవాళ్ల కుర్చీ చక్రాలతో కలిపి 65 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పల్లెల్లో మరుగుదొడ్డి తలుపు చాలాచోట్ల రెండడుగులే, అంటే సుమారు 60. కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వాళ్లకు అసలు కావాల్సింది వీల్‌చైర్ కాదు, మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీ. దాని వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు గీకి చూసి, మీలో బరువైనవాణ్ని కూర్చోబెట్టి ఊపి చూశాకే ఇవ్వండి.

డాక్టరు గానీ ఫిజియో గానీ రాసిన చీటీ లేనిదే వాకర్ ఇవ్వొద్దు. కొందరు ఆ కాలు నేలకే ఆనించకూడదు, కొందరు సగం బరువు వేయొచ్చు. అది మీరూ నేనూ చూసి చెప్పేది కాదు.

ఒక మాట. శాశ్వతంగా కావాల్సినవాళ్లకు అరువు సామాను పెట్టి కూర్చోబెట్టకండి. 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండి, ఆదాయ పరిమితి లోపల ఉంటే, వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడీఐపీ పథకం కింద కుర్చీ సొంతానికే వస్తుంది. యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు పెట్టించడం మీరు చేయగలిగిన పెద్ద సాయం. అది వచ్చేదాకే మీ కుర్చీ.

జవాబు: ఖాతాపుస్తకం

రిజిస్ట్రేషన్ ఇప్పుడే వద్దు. తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు చాలు, మీరు ఎనిమిది మంది ఉన్నారు, లెక్కకు సరిపోతారు. చిక్కు ఎక్కడంటే ఏడాదిన్నరలో అందరూ పాసై బెంగళూరు, పుణె వెళ్లిపోతారు. సొసైటీకి మాత్రం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. పంపే దిక్కులేని సొసైటీలు కాగితాల మీద ఎన్నో ఉన్నాయి.

దానికన్నా కాలేజీ ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ కింద నడపండి. వాలంటీర్‌కు రెండేళ్లలో 240 గంటలు సేవ లెక్క చూపాలి కదా, వాకర్ కడిగిన గంట కూడా అందులో పడుతుంది. ప్రోగ్రాం ఆఫీసర్ సంతకంతో ఉత్తరం పోతే ఆసుపత్రి వాళ్లు కూడా మాట్లాడతారు.

అమెరికా డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పౌరుడిగానే ఉండి అక్కడ ఉద్యోగం చేస్తున్న సీనియర్, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, పుట్టింది కాజీపేటలోనే అయినా, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీకది అందే పండు కాదు. వాళ్లను డబ్బులకు బదులు ఇక్కడ అమ్మానాన్నల ఇంటి సజ్జ మీద ఏముందో అడగండి.

పన్ను మినహాయింపుకు చూపించే 80జీ రసీదు ఇస్తామని ఎవరికీ మాటివ్వకండి. ఆదాయపు పన్ను శాఖ అనుమతి తెచ్చుకున్న సంస్థే అది ఇవ్వాలి. పైగా వాకర్ లాంటి వస్తువు ఇచ్చినవాళ్లకు ఆ మినహాయింపు అసలు వర్తించదు. నగదు ఇచ్చినా 2000 దాటితే లేదు.

ఒకరి ఫోన్‌పేకు చందాలు వేయించుకోవద్దు. ఎంత నిజాయితీపరుడైనా ఆర్నెల్లకు తన ఖర్చూ ఈ ఖర్చూ కలిసిపోయి ఏది ఏదో తేలదు. యూనిట్ ఖాతాలోనే వేయించండి, ఇద్దరి సంతకాలు పెట్టండి. అయినా మీకు కావాల్సింది ఎంతని? కొత్త మడత వాకర్ వెయ్యి, పదిహేను వందల మధ్య వస్తుంది. బుష్షులు, బటన్లు, కడిగే సామాను, ఒక బీరువా, రవాణా కలిపి పదివేలతో ఆర్నెల్లు గడుస్తుంది.

డిపాజిట్ మాత్రం పెట్టండి. వాకర్‌కు 300, వీల్‌చైర్‌కు 1000. వాపస్ తెస్తే మొత్తం తిరిగి ఇచ్చేయండి. ఊరికే వచ్చినదాని మీద ఎవరికీ పట్టింపు ఉండదు.

జవాబు: పరకాల_రోడ్

పైన అన్న చెప్పిన లెక్కలన్నీ కరెక్టే గని, డిపాజిట్ కాడ నేను ఒప్పుకోను. సామాను వాపస్ రాకపోయేది పట్టింపు లేక కాదు. పరకాల అవతలి పల్లె నుంచి ఒక వాకర్ పట్టుకొని హనుమకొండ దాక రావాలంటే ఇంట్ల ఒక మనిషికి ఒక దినం కూలి పోతది, పైన బస్సు కిరాయి. 300 కోసం 500 కూలి ఎవడు పోగొట్టుకుంటడు? వాపస్ వచ్చే తొవ్వ మీరే ఎయ్యాలె.

తొవ్వ ఇట్ల. నర్సంపేట, పరకాల, ములుగు, ఒక్కొక్క కాడ ఒక చోటు మాట్లాడుండ్రి. అక్కడి జూనియర్ కాలేజీ ఎన్నెస్సెస్ గదైనా సరే, తెలిసిన మెడికల్ షాపైనా సరే. పల్లె నుంచి అంగడి రోజు ఎట్లనో అట్ల మండలానికి వస్తరు, ఆ దినం అక్కడ పెట్టి పొమ్మనుండ్రి. నాలుగైదు జమయినంక ఆర్టీసీ కార్గోల హనుమకొండకు ఏయించుకోవాలె. మడత వాకర్లు రెండు రెండు కలిపి సుతిలి తాడుతోని కట్టుండ్రి. వీల్‌చైర్ అయితే పాదం పెట్టే పలకలు ఊడదీసి సీటుకే కట్టాలె, లేకుంటే కుర్చీ వస్తది, పలకలు రావు. పలకలు లేని కుర్చీ ఎందుకూ పనికిరాదు, కాళ్లు కిందికి జారి ముందటి చక్రాలల్ల పడ్తయి.

రిజిస్టర్ల రెండు నంబర్లు రాసుకోండ్రి. ఒకటి ఇంటిది, ఇంకోటి ఇంటిది కానిది, ఊరి ఆశా కార్యకర్తదైతే ఇంక మంచిది. వాకర్ నంబర్ స్టిక్కర్ మీద వద్దు, రెండు సార్లు కడిగితే పోతది. ఎనామిల్ పెయింట్‌తోని అడ్డ పైపు కింది దిక్కు రాయుండ్రి. ఇచ్చేటప్పుడే ఫోటో తీసుండ్రి, సామానుది, మనిషిది కాదు.

మూడో వారం ఒక ఫోన్, ఆరో వారం ఒక ఫోన్. మొదటి ఫోన్ల "ఎప్పుడు తెస్తరు" అని అడిగితే ఆ నంబర్ మళ్ల ఎత్తరు. "అమ్మ ఎట్ల నడుస్తున్నది, బుష్షులు అరిగినయా" అని అడుగుండ్రి. ఆరో వారం వాపస్ సంగతి. ఆ మనిషి చనిపోయిండని తెలిస్తే దినాలు అయ్యేదాక ఫోన్ చేయొద్దు. తర్వాత మర్యాదగ అడిగితే ఇచ్చేస్తరు, పోయినోళ్ల వాకర్ ఇంట్ల ఉంచుకోరు.

రెండో అంతస్తు గది తీస్కోకుండ్రి. వచ్చేటోడు కాలు ఇరిగినోని కొడుకు, చేతుల వీల్‌చైర్, లిఫ్టు ఉండదు. గేటు కాడ వాచ్‌మెన్ పక్కపొంటి చిన్న రేకుల షెడ్డైనా నయం. తాళంచెవి ఫైనలియరోళ్ల చేతిల ఎన్నడూ ఉండొద్దు. ఏప్రిల్, మే వచ్చిందంటే పరీక్షలు, ఆఫర్లు, రూం ఖాళీ చేసుడు, అప్పుడే సామాను మాయమైతది. ఇప్పుడే ఇద్దరు రెండో ఏటోళ్లను కలుపుకొని రిజిస్టర్ వాళ్ల చేత రాయించుండ్రి.

మెకానికల్_మూడో_ఏడు

అన్నా, తొవ్వ సంగతి మాకు తట్టనే లేదు. డిపాజిట్ తీసేస్తున్నం. రెండు డౌట్లు. వాపస్ వచ్చినంక దేనితోని కడగాలె? ఎంజీఎంల ఎవరిని కలవాలె, వార్డుల టేబుల్ పెట్టుకోనిస్తరా?

ఫిజియో_హంటర్‌రోడ్

టేబుల్ వద్దు, అది అడిగితే మొత్తానికే కాదంటారు. ప్రిన్సిపాల్ ఉత్తరంతో సూపరింటెండెంట్‌ను కలిసి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆ తర్వాత ఆర్థోపెడిక్ వార్డు సిస్టర్లకు, ఫిజియోథెరపీ విభాగానికి మీ నంబరున్న చీటీ ఇచ్చి వచ్చేయండి. అవసరమైనవాళ్లను వాళ్లే పంపుతారు. ఉదయం ఓపీ వేళ వెళ్లకండి.

కడగడం: ముందు సబ్బునీళ్లు, బ్రష్షు. మట్టి, జిడ్డు పోకుండా బ్లీచింగ్ వేస్తే ఆ మురికే దాని శక్తినంతా తినేస్తుంది. తర్వాత లీటరు నీళ్లకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరుకున్న నీళ్లలో గుడ్డ ముంచి తుడవండి. పది నిమిషాలు ఉంచి మంచినీళ్లతో కడిగేయాలి. అంతకన్నా ఎక్కువసేపు వదిలేస్తే అల్యూమినియం పైపు మీద తెల్లగా పూత పూస్తుంది, స్ప్రింగ్ బటన్లు తుప్పుపట్టి ఇరుక్కుంటాయి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. పక్కనే టాయిలెట్ కడిగే యాసిడ్ ఉంటే రెండూ కలవనివ్వొద్దు, విషవాయువు వస్తుంది. కమోడ్ బకెట్ కడిగేటప్పుడు ఈ తప్పు జరుగుతుంది.

పిడి మీది స్పాంజి చిరిగిందంటే ఎంత కడిగినా శుభ్రం కాదు, కోసి పారేయండి. అక్కడ పైపు 22 మిల్లీమీటర్లదైతే సైకిల్ హ్యాండిల్ గ్రిప్ సరిగ్గా పడుతుంది. లోపల సబ్బునీళ్లు రాసి ఎక్కించి, ఒక రోజు ఆరనిచ్చాక చేత్తో మెలిపెట్టి చూడండి. తిరిగితే ఇవ్వొద్దు.