అంతర్వేది ఒడ్డున ప్లాస్టిక్ తాబేలు: నిలపాలా, వద్దా?

కోనసీమవాసి:
సముద్రం ఒడ్డుకు తోసిన వలముక్కలు, సీసాలు, చెప్పులతో పదిహేను అడుగుల తాబేలు బొమ్మను తయారుచేసి, భీష్మ ఏకాదశి రథోత్సవం నాటికి అంతర్వేది ఇసుకలో శాశ్వతంగా నిలపాలని మా ఊరి యువకులు పూనుకున్నారు. తీర్థానికి వచ్చి సముద్రస్నానం చేసే జనం దాన్ని చూసి ఆలోచిస్తారని వారి ఆశ. వారి శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది కానీ ఈ పనిని నేను వ్యతిరేకిస్తున్నాను. ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కుతుంది. ఉప్పుగాలికి, ఇసుక రాపిడికి పొట్టులా రాలి, ఏరడానికి వీలులేనంత చిన్న రేణువులవుతుంది. ఏరి తెచ్చిన చెత్తను అలల అంచునే నిలబెడితే, మొదటి తుపానుకే అది మళ్ళీ సముద్రం పాలవుతుంది. పైగా మాఘమాసం నిజమైన తాబేళ్ళు, ఆలివ్ రిడ్లేలు, గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గరి ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. బొమ్మకు రాత్రిపూట దీపాలు పెడతామంటున్నారు. గుడ్లు పగిలి బయటకు వచ్చే పిల్లలు వెలుగున్న వైపుకే పాకుతాయి కనుక, ఆ దీపాల వల్ల అవి సముద్రం దారి తప్పుతాయి.

గౌతమీతీరం:
నేను యానాం దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతాను. దీపాల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే బొమ్మే వద్దనడం సరికాదు. చండీగఢ్‌లో నేక్‌చంద్ విరిగిన గాజులు, పింగాణీ పెంకులు పోగుచేసి ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకుండా కట్టిన రాతితోట 1976లో ప్రజల కోసం తెరుచుకుంది. పనికిరాదని పారేసినదానిలో రూపం చూడగలిగిన చూపు అది. అమెరికాలోని ఓరెగన్ తీరంలో ఏంజెలా హేజెల్టైన్ పోజీ 2010లో ప్రారంభించిన సంస్థ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్‌తోనే సముద్రజీవుల భారీ శిల్పాలు చేయిస్తోంది. అక్కడ ఏరడం, కడగడం, రంగుల వారీగా వేరుచేయడం వంటి పనులలో ఎందరో స్వచ్ఛందంగా పాలుపంచుకుంటారు. నా దృష్టిలో అసలు విలువ ఆ ఏరే పనిలోనే ఉంది. కిందటి ఏడాది మా ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక తిమింగలం బొమ్మ చేయించినప్పుడు, నీలం రంగు కోసం వెతుకుతున్న ఒక అమ్మాయి షాంపూ పొట్లం ఒకటి తీసి, ఇది మా దుకాణంలో అమ్మేదే కదా మాస్టారూ అంది. నేను పదేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న పాఠం ఆ ఒక్క మాటలో ఆమెకు అందింది.

పాతవల:
మాది తరతరాలుగా చేపల వేట మీద బతికే కుటుంబం. బొమ్మ ఉండాలా వద్దా అన్నదాని కంటే, అది ఎవరిని వేలెత్తి చూపుతుందన్నది నాకు ముఖ్యం. తాబేలు మెడకు నైలాన్ వల చుట్టి పెడతారట. వలలలో చిక్కి తాబేళ్ళు చనిపోతున్న మాట నిజమే, నేను కళ్ళారా చూశాను, దాన్ని దాచను. కానీ వేలు పోసి కొన్న వలను మేము కావాలని సముద్రంలో పారేయం. అడుగున దేనికో పట్టుకుని తెగుతుంది, లేదా రాత్రిపూట మరపడవ దాని మీదుగా పోయి కోసేస్తుంది. చిరిగిన వల కూడా పెరటి పాదులకు కంచెగానో, కోళ్ళ గూటి చుట్టూనో పనికివస్తుంది. బెండ్లు ఊడిన నైలాన్ వల మునిగిపోతుంది కనుక ఒడ్డుకు వచ్చేది అందులో కొంతే. మిగతా చెత్త సంగతి తెలియాలంటే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వంతెన మీద నిలబడి కిందకు చూడండి. గుర్రపుడెక్క కింద సంచులు, పొట్లాలు, పెళ్ళి భోజనాల గ్లాసులు పేరుకుని ఉంటాయి. జూన్‌లో నీళ్ళు వదలగానే అదంతా మా వైపుకు ప్రయాణం కడుతుంది. ఆ ఊళ్ళ పేర్లు బొమ్మ మీద ఉండవు, మా వల మాత్రం ఉంటుంది.

కోనసీమవాసి:
పాతవల గారూ, మీ మాట నన్ను ఆలోచింపజేసింది. సముద్రంలోకి చేరే వేట సామగ్రి ఏటా 6.4 లక్షల టన్నులని, సముద్రపు చెత్తలో అది సుమారు పదోవంతని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2009లో అంచనా వేశాయి. అది చిన్న భాగం కాదు కానీ మిగిలిన తొమ్మిది వంతుల గురించి మనం బొమ్మ చేయడం లేదన్నది నిజం. అలాంటప్పుడు బొమ్మను సముద్రం దగ్గర కాకుండా, చెత్త బయలుదేరే చోట, ఉదాహరణకు ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకుల వద్ద ఎందుకు పెట్టకూడదు? తాబేలు కాకుండా అక్కడివారికి తెలిసిన పులస చేపనే చేయవచ్చు. పాత సామాన్లవాళ్ళు కొనే సీసాలను వారికే వదిలి, ఎవరూ కొనని, పలు పొరలు అతికించి చేసే షాంపూ పొట్లాల వంటివాటితోనే దాన్ని నింపాలి. రంగులు పూయకూడదు, జిగురు వాడకూడదు, ఇనుప చట్రానికి కట్టాలి. కాలువకు నీళ్ళు వదిలే ముందే విప్పి, తూకం వేసి, ఆ లెక్కను పంచాయతీ బోర్డు మీద రాయాలి.

గౌతమీతీరం:
చోటు మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. ఏటా విప్పేయాలన్న షరతుకు మాత్రం ఒప్పుకోలేను. తాము చేసినది నిలిచి ఉందన్న తృప్తి పిల్లలకు దక్కాలి, మరుసటి ఏడాది తమ్ముళ్ళకు వాళ్ళు దాన్ని చూపించగలగాలి. ఎండావానా తగలని కప్పు కింద, గాజు వెనుక ఉంచితే పొట్టు రాలే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

పాతవల:
మాస్టారూ, గాజు వెనుక పెడితే దానిని ఎవరూ తాకరు, తమ దుకాణం పొట్లం అందులో ఉందేమోనని ఎవరూ వెతకరు. మీ అమ్మాయి చేతితో తీసి చూసింది కాబట్టే ఆ మాట అనగలిగింది. ఏటా విప్పితే ఏటా కొత్త పిల్లలు ఏరుతారు. చట్రానికి కట్టే పని మేము నేర్పుతాము, వల ముడి ఎంత లాగినా జారదు. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, కాలువలు ఎండేదీ అప్పుడే. ఆ రెండు నెలలూ మాకు పని ఉండదు. మీ పిల్లలకు సెలవులే కనుక, వారిని లాకుల దగ్గరకు తీసుకురండి.