ఆర్‌పీజీ మేకర్ ఎమ్‌జెడ్: సొంత ఈవెంట్ కమాండ్ రాస్తే ఈవెంట్ ఆగడం లేదు

ప్రశ్న:
గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆర్‌పీజీ మేకర్ ఎమ్‌జెడ్‌లో ప్లగిన్ (అదనంగా చేర్చే జావాస్క్రిప్ట్ ఫైలు) ద్వారా "గేటు ఎత్తు" అని కొత్త ఈవెంట్ కమాండ్ (ఈవెంట్‌లో వరుసగా నడిచే ఆదేశాల్లో ఒకటి) చేర్చాను. ఎంత ఎత్తాలో అంకె ఇస్తే గేటు బొమ్మ మెల్లగా పైకి లేవాలి, పూర్తిగా లేచాకే తరువాతి డైలాగ్ రావాలి. గేటు లేస్తోంది గానీ డైలాగ్ ముందే వచ్చేస్తోంది. కమాండ్‌లో దిస్.వెయిట్ (this.wait, ఈవెంట్‌ను కాసేపు ఆపేది) పెడితే అది ఫంక్షన్ కాదని ఎర్రర్. పైగా 20 దగ్గరున్న గేటును ఇంకో 5 ఎత్తమంటే 205కి పోతోంది. ఎక్కడ తప్పు?

జవాబు 1:
205 సంగతి తేలికే. ప్లగిన్ కమాండ్‌కు వచ్చే ఆర్గ్యుమెంట్లన్నీ (ఇచ్చే విలువలు) స్ట్రింగులే, అంటే అక్షరాలే; అందుకే 20 పక్కన 5 అతుక్కుంటోంది, టైపు నంబర్ అని రాసినా సరే. నంబర్()లో వేసి కూడండి. ఆన్/ఆఫ్ విలువలకూ ఇదే గొడవ: "ఫాల్స్" అనే స్ట్రింగ్ జావాస్క్రిప్ట్‌కు నిజమే.

ఎర్రర్‌కు కారణం మీరు యారో ఫంక్షన్ (=> తో రాసేది) వాడి ఉండటం. రిజిస్టర్‌కమాండ్‌కు (ప్లగిన్ కమాండ్‌ను నమోదు చేసేది) మామూలు ఫంక్షన్ ఇస్తేనే దిస్ అనేది ఆ ఈవెంట్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్ అవుతుంది. దిస్ బదులు మ్యాప్ ఇంటర్‌ప్రెటర్‌ను నేరుగా పట్టుకోవద్దు. ప్యారలల్ ఈవెంట్లకు (మిగతావాటితో పాటే నడిచేవి) వేరే ఇంటర్‌ప్రెటర్లు ఉంటాయి, అప్పుడు ఆగేది వేరే ఈవెంట్.

ఇక ఆగడం. ఎంతసేపో ముందే తెలిస్తే వెయిట్(60) చాలు, అది 60 ఫ్రేములు, అంటే ఒక సెకను. మీకు కావలసింది వెయిట్ మోడ్, అంటే ఈవెంట్ దేనికోసం ఆగి ఉందో చెప్పే పేరు. కమాండ్ చివర సెట్‌వెయిట్‌మోడ్("గేటు") పెట్టండి. తరువాత అప్‌డేట్‌వెయిట్‌మోడ్ (ఇంకా ఆగాలా అని చూసే ఫంక్షన్) పాతదాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని కొత్తది రాయండి. మోడ్ "గేటు" అయి, గేటు ఇంకా కదులుతుంటే ట్రూ తిరిగివ్వాలి. ఆగిపోయి ఉంటే మోడ్‌ను ఖాళీ చేసి ఫాల్స్ ఇవ్వాలి. మిగతా మోడ్‌లన్నీ పాత ఫంక్షన్‌కే.

చాలామంది పొరపడేది ఇక్కడే: పాత ఫంక్షన్‌ను ముందు పిలుస్తారు. దానికి "గేటు" అనే పేరు తెలియదు, ఆగాల్సిన పనిలేదనుకుని మోడ్‌ను తుడిచేస్తుంది. మీ చెక్ దాకా వచ్చేసరికి చూడటానికి ఏమీ మిగలదు.

ఇంకొకటి. రిజిస్టర్‌కమాండ్‌లో మొదటి పేరు ప్లగిన్ ఫైలు పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఎర్రర్ రాదు, కమాండ్ ఊరికే దాటిపోతుంది.

అడిగినవారు:
ఇప్పుడు ఆగుతోంది, థాంక్స్ అండీ. గేటు స్ప్రైట్‌ను (తెరమీది బొమ్మ) ఇంటర్‌ప్రెటర్‌లోనే ఒక ప్రాపర్టీగా పెట్టాను. పర్లేదా?

జవాబు 2:
వెంటనే తీసేయండి. ఇంటర్‌ప్రెటర్ మ్యాప్‌తో పాటు సేవ్ ఫైలులోకి వెళ్తుంది. స్ప్రైట్‌కు పేరెంట్ (దాన్ని తనలో పెట్టుకున్న వస్తువు), పేరెంట్‌కు మళ్లీ పిల్లలుగా ఆ స్ప్రైటే. ఈ చుట్టు తెగక సేవ్ విఫలమవుతుంది. మ్యాప్ మారినప్పుడు ఆటోసేవ్ నడుస్తుంది కదా, అది విఫలమైతే తెరమీద ఏమీ కనిపించదు. ఆడేవాళ్లకు తెలిసేది లోడ్ చేయబోయినప్పుడే.

గేమ్‌సిస్టమ్‌లో (సేవ్ ఫైలులోకి వెళ్లే డేటా) రెండు అంకెలు చాలు: ఇప్పటి ఎత్తు, చేరాల్సిన ఎత్తు. పెంచే లెక్క గేమ్ మ్యాప్ అప్‌డేట్‌లో పెట్టండి. స్ప్రైట్‌ను స్ప్రైట్‌సెట్ మ్యాప్ (మ్యాప్ మీది బొమ్మలను తయారుచేసే క్లాస్) ప్రతిసారీ కొత్తగా చేసుకుని ఆ ఎత్తు చదువుకోవాలి. సొంత క్లాస్ వస్తువును సేవ్ చేయాల్సి వస్తే ఆ క్లాస్‌ను విండోకు (జావాస్క్రిప్ట్‌లోని window అనే గ్లోబల్ వస్తువు) తగిలించండి, లేకపోతే లోడ్ అయ్యాక డేటా ఉంటుంది గానీ మెథడ్లు ఉండవు.

పాత సేవ్ ఫైళ్లలో ఈ రెండు అంకెలూ ఉండవు, చదివేటప్పుడు || 0 (విలువ లేకపోతే 0) చేర్చండి. గేటు చేరిందా అన్నది === (సరిగ్గా సమానం) తో కాకుండా < (తక్కువ) తో చూడండి. అడుగుకు 0.1 చొప్పున పెంచుతూ పోతే సరిగ్గా 25 రాకుండా దాటిపోవచ్చు, === అయితే ఈవెంట్ అక్కడే ఇరుక్కుంటుంది.