ఐదో తరగతి గ్రూపు పనిలో ఇద్దరే మాట్లాడుతున్నారు, ఏం చేయాలి?

వరంగల్ జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఐదో తరగతిలో 24 మంది. మన ఊరి చెరువు గురించి పిల్లలే ప్రశ్నలు వేసుకుని, జవాబులు కనుక్కుని, గ్రూపుగా చెప్పాలని ఆరు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు, ఆరుగురేసి నాలుగు గ్రూపులు.

మాది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల ప్రాంతం. కట్ట మీదికి తీసుకెళ్లి పొలాలకు నీళ్లు వదిలే తూము, చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మత్తడి (అలుగు) చూపించాను. "మత్తడి దుంకితే ఆ నీళ్లు ఎవరి చెరువులోకి పోతాయి టీచర్?" అని ఒక పాప అడిగింది. ఎంత సంతోషమేసిందో! కానీ క్లాసుకొచ్చాక ఆ పాప, ఇంకో బాబు చార్టు మీద వంగి రాస్తుంటే మిగతా నలుగురు స్కెచ్ పెన్నుల మూతలు తీస్తూ పెడుతూ కూర్చున్నారు. అన్ని గ్రూపుల్లోనూ ఇదే.

అడిగేవారు, రాసేవారు, గీసేవారు అని పని పంచాను. రెండో వారానికల్లా చురుకైనవాళ్లే అన్నీ లాక్కున్నారు. నలుగురేసి ఆరు గ్రూపులు చేస్తే అందరి దగ్గరికీ వెళ్లేలోపే బెల్లు కొడుతోంది. చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరటి తాతను బడికి పిలిస్తే అందరూ శ్రద్ధగా విన్నారు, అడిగింది మాత్రం ఆ కొద్దిమందే. చీటీల మీద ప్రశ్నలు రాయమంటే 24లో 17 చీటీల్లో ఒకటే ప్రశ్న: "చెరువు ఎప్పుడు కట్టారు?"

మాట్లాడనివాళ్లలో చేపలు పట్టే ఇళ్ల పిల్లలున్నారు. చెరువు గురించి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. నా బాధంతా అదే.

ఈ 40 నిమిషాల్లోనే, నోరు విప్పని పిల్లల చేత వాళ్ల సొంత ప్రశ్న అడిగించడానికి మీ క్లాసులో నిజంగా పనిచేసిన పద్ధతి ఏది?