అల్లిక జిగిబిగి: స్వెటర్ చెప్పిన అర్థం

మొన్న మన గ్రూపులో ఒక చెల్లెలు స్వెటర్ అల్లే విధానం రాసుకున్న కాగితం ఫోటో పెట్టి, "మెడ నుంచి కిందికి క్రోషేతో అల్లేది. మొదటిసారి. అంతా జిగిబిగిగా ఉంది, ఎవరైనా విప్పి చెప్పండి" అని రాసింది. విప్పి చెప్తానమ్మా. కానీ ముందు ఆ మాట సంగతి చూడాలి. నువ్వు అనదలచుకున్నది గజిబిజి. ఈ మధ్య చాలామంది నోట ఈ రెండూ కలిసిపోతున్నాయి. జిగిబిగి అంటే చిక్కు కాదు, తికమక కాదు. మన భాషలో ఒక పనితనానికి ఇచ్చిన అతి పెద్ద మెచ్చుకోళ్ళలో అదొకటి.

అందరికీ తెలిసిన చాటువే:

అల్లసానివాని యల్లిక జిగిబిగి
ముక్కు తిమ్మనార్యు ముద్దుపలుకు

ఆటవెలదిలో మొదటి రెండు పాదాలు ఇవి. ఏ కవిలో ఏది గొప్పో తలా ఒక్క ముక్కలో తేల్చేశాడు ఆ చాటువు చెప్పిన కవి. తిమ్మనది ముద్దుపలుకు, పెద్దనది అల్లిక జిగిబిగి. జిగిబిగి అంటే గందరగోళమైతే ఆంధ్ర కవితా పితామహుణ్ణి తిట్టినట్టే కదా!

జిగి అంటే కాంతి, మెరుపు. విడిగా ఈ మాట వాడేవాళ్ళు తగ్గారు కానీ, జిగేల్మంది అన్నప్పుడల్లా దాన్ని తలుచుకుంటూనే ఉన్నాం. బిగి అంటే బిగువు, బిగుతు. రెండూ వేర్వేరు అర్థాలున్న నిండైన మాటలు. తికమకలో తికకీ మకకీ విడిగా అర్థం వెతకం. గజిబిజి కూడా అంతే. జిగిబిగి ఆ జాతిది కాదు. చప్పుడు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన పొరపాటు ఇది.

ఈ బిగి ఏమిటో నాకు నిజంగా తెలిసొచ్చింది మా మనవడికి స్వెటర్ అల్లినప్పుడు. మాది నరసాపురం దగ్గర పల్లె. వంటలయ్యాక ఆడవాళ్ళు అరుగుల మీద చేరి సన్న హుక్‌తో, తెల్ల దారంతో లేసు అల్లుతుంటే చూస్తూ పెరిగాను. పెళ్ళయ్యాక ఆదిలాబాద్ వచ్చాం. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున బయటికి వస్తే పళ్ళు కొట్టుకుంటాయి. ఆరేళ్ళ మనవడికి ఊలు స్వెటర్ నేనే అల్లాలనుకున్నాను. లేసు వచ్చిన చేతికి స్వెటర్ ఒక లెక్కా అనుకున్నాను.

చెల్లెమ్మా, నీ కాగితంలో ఉన్నది కూడా దాదాపు ఈ లెక్కే. మధ్యరకం లావు ఊలు, 5.5 మిల్లీమీటర్ల హుక్. 72 చైన్లు (ఉచ్చులోంచి ఉచ్చు లాగితే ఒక చైన్) అల్లి, మెలిక పడకుండా చూసుకుని రెండు కొసలూ కలిపితే మెడ. అందులో వీపుకి 24, ఒక చేతికి 10, ఎదకి 24, రెండో చేతికి 10. అవి 68. ఒక్కో భాగానికీ పక్క భాగానికీ మధ్య ఒక్కోటి చొప్పున మిగిలిన నాలుగూ మూలలు. ఇక గుండ్రంగా తిరుగుతూ ఒక్కో చైన్‌లో ఒక్కో డబుల్ క్రోషే. అంటే హుక్ మీద ఒకసారి దారం చుట్టి, లోపలికి దూర్చి దారం లాగి, హుక్ మీది ఉచ్చుల్ని రెండేసి చొప్పున రెండుసార్లు తీసేది. మూల రాగానే మాత్రం ఆ ఒక్క చోటే ఒక డబుల్ క్రోషే, ఒక చైన్, మళ్ళీ ఒక డబుల్ క్రోషే. తర్వాతి వరసల్లో ఆ మూల చైన్ సందులోనే ఇదే మళ్ళీ. అలా వరసకి ఎనిమిది పెరుగుతాయి. 12 వరసలయ్యేసరికి వీపు 48, ఎద 48, చేతులు చెరి 34. అప్పుడు చేతుల భాగం వదిలేసి, చంక దగ్గర నాలుగేసి చైన్లు వేసి వీపునీ ఎదనీ కలిపేస్తే చుట్టూ 104. ఇక పెంచేదేమీ లేదు, నడుము దాకా తిరుగుతూ పోవడమే. చేతులు ఆఖర్న. అతుకు కుట్టే పని ఉండదు, మధ్యలో పిల్లాడికి తొడిగి పొడవు చూసుకోవచ్చు. కొత్తవాళ్ళకి అందుకే ఇది మంచిది.

నేను 12 వరసలూ అల్లి, కలిపి, ఇంకో నాలుగు వరసలు వేసి వాడికి తొడగబోయాను. తల దూరలేదు. "అమ్మమ్మా, చెవులు!" అని అరిచాడు. లెక్క తప్పలేదు, మూడుసార్లు ఎంచాను. తప్పింది బిగి. 10 సెంటీమీటర్లకి 14 డబుల్ క్రోషేలు రావాల్సిన చోట నా చేతికి 16 వచ్చాయి. లేసు అల్లే చెయ్యి దారాన్ని అలవాటుగా బిగించి పట్టుకుంటుంది. 14 వస్తే 72 చైన్ల మెడ 51 సెంటీమీటర్లు, 16 వస్తే 45. వాడి తల 51. ఛాతీ చూడండి, అవే 104 క్రోషేలు: వదులు చేతికి 12 వస్తే 87 సెంటీమీటర్లు, 14 అయితే 74, 16 అయితే 65. అదే ఊలు, అదే లెక్క. బిగి మారితే బట్ట మారిపోయింది.

కొస పట్టుకుని లాగితే మెడ దాకా ఊడొచ్చింది. పెద్దన అల్లికని పొగిడినవాడు అల్లే చేతుల్ని దగ్గరగా చూసినవాడే అయ్యుంటాడని అప్పుడు అనిపించింది.

వ్యాఖ్య (విశ్రాంత తెలుగు మాస్టారు):
బాగా చెప్పారమ్మా. జిగియు బిగియు, ద్వంద్వ సమాసమే. ఛందస్సులో కూడా ఒక అందం ఉంది. "జిగిబిగి" నాలుగు లఘువులు, నలం. పాదం చివర గబగబా పరుగెత్తినట్టుంటుంది. పెద్దన అల్లిక ఎలా ఉంటుందో చూడాలంటే మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చూసే చంపకమాల చాలు. "అంబరచుంబి శిరస్సరజ్ఝరీ" అని మొదలుపెట్టి "అభంగ తరంగ మృదంగ నిస్వన" మీదుగా "పరిఫుల్ల కలాప కలాపి జాలమున్" దాకా ఒకటే సమాసం. సెలయేళ్ళ అలలు మృదంగంలా మోగుతుంటే పురివిప్పి ఆడే నెమళ్ళు. ఒక మాట కొసలోంచి ఇంకో మాట వస్తుంది. మధ్యలో ఒక్కటి తీసినా మొత్తం జారిపోతుంది. అది బిగి. ఇంత పొడవున్నా చదువుతుంటే అలలూ నెమళ్ళూ కళ్ళ ముందు కదులుతాయి. అది జిగి.

జవాబు:
మాస్టారూ, ఒక మాట కొసలోంచి ఇంకో మాట అన్నారు చూడండి, క్రోషే అచ్చం అదే. నిట్టింగ్‌లో వరసంతా సూది మీద ఉంటుంది. క్రోషేలో హుక్ మీద మిగిలేది ఒక్క ఉచ్చే. అందులోంచే తర్వాతది పుట్టాలి. క్రోషే అన్న ఫ్రెంచి మాటకి అర్థం చిన్న కొక్కెం అని.

వ్యాఖ్య (ఒక విద్యార్థి):
అక్కా, భాష మారుతుంది కదా. పదిమందీ జిగిబిగి అంటే చిక్కు అనుకుంటే అదే అర్థం అయిపోదా? తప్పెందుకు అనాలి?

జవాబు:
మారుతుంది తమ్ముడూ, మారకూడదని నేననను. కానీ చిక్కుకి మనకి మాటల కరువు లేదు: గజిబిజి, తికమక, గందరగోళం, కలగాపులగం. బిగువూ మెరుపూ ఒక్కచోట ఉన్న పనిని ఒక్క మాటలో చెప్పడానికి ఉన్నది మాత్రం ఇదొక్కటే. దీన్ని కూడా చిక్కుకే ఇచ్చేస్తే, రేపు నువ్వొక మంచి కథ చదివి దాని అల్లికని మెచ్చుకోవాలంటే ఏమంటావు? ఆ చాటువు చదివే పిల్లలకి పెద్దన రాసింది చిక్కుముడి అని అర్థమైతే నాకు నిజంగా బాధ.

వ్యాఖ్య (నరసాపురం నుంచి):
వదినా, మా అత్తగారు లేసు చూడగానే వేలితో సాగదీసి చూసేవారు. ఇద్దరు అల్లిన ముక్కలు కలిపి ఒక టేబుల్ గుడ్డ చేయాలంటే ఇద్దరి చెయ్యీ ఒకేలా ఉండాలి. ఒకరిది బిగువు, ఇంకొకరిది వదులు అయితే గుడ్డ పరిస్తే ఒకచోట ఉబ్బుతుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన పని ఇది, ఇప్పుడు మా ఊరి పేరుతోనే 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంకోటి, మావైపు దీన్ని నేత అని ఎవరూ అనరు. నేతకి మగ్గం కావాలి, పడుగూ పేకా కావాలి. ఇది అల్లికే. జడ అల్లినట్టు, బుట్ట అల్లినట్టు.

జవాబు:
అవును వదినా. నులక మంచం అల్లుతాం, కథ అల్లుతాం, తీగ పందిరికి అల్లుకుంటుంది. అన్నిట్లోనూ ఒకదాన్ని ఇంకోదాంట్లోకి దూర్చి నిలబెట్టడమే ఉంది. బడిలో "కుట్లూ అల్లికలూ" అని రెంటినీ జంట చేసి నేర్పేవారు. కుట్టు ఉన్న బట్టని అతుకుతుంది, అల్లిక లేని బట్టని పుట్టిస్తుంది. ఇంగ్లీషులో రెండు చోట్లా స్టిచ్ అనే ఒకే మాట. అందుకే తెలుగులో చెప్పేటప్పుడు క్రోషే స్టిచ్‌ని కుట్టు అంటే నా చెవికి నచ్చదు.

వ్యాఖ్య (మొదట అడిగిన సభ్యురాలు):
అక్కా, మాట సరిచేసినందుకు థాంక్స్. నా గజిబిజి అసలు ఎక్కడంటే, ఒక వీడియోలో డబుల్ క్రోషే అన్నదాన్ని ఇంకో వీడియోలో ట్రెబుల్ అంటున్నారు. కాగితంలో ఉన్న రాగ్లన్ అన్న మాట ఏమిటో కూడా తెలియలేదు.

జవాబు:
అది నీ తప్పు కాదమ్మా. అమెరికావాళ్ళ డబుల్ క్రోషేని బ్రిటన్‌వాళ్ళు ట్రెబుల్ అంటారు. అమెరికావాళ్ళ సింగిల్ బ్రిటన్‌వాళ్ళకి డబుల్. నేను పైన రాసింది అమెరికా లెక్క. కాగితంలో సింగిల్ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికాదని పట్టెయ్. రాగ్లన్ అంటే మనం పెంచుతూ పోయిన ఆ నాలుగు మూలల వెంట, మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా దిగే నాలుగు గీతల పద్ధతి. అదొక మనిషి పేరు. వాటర్లూ యుద్ధంలో 1815లో కుడిచెయ్యి పోగొట్టుకున్న బ్రిటిష్ సేనాని, తర్వాత లార్డ్ రాగ్లన్ అయ్యాడు. స్వెటర్ అన్న మాటేమో చెమట నుంచి వచ్చింది, ఆటగాళ్ళు చెమట పట్టడానికి తొడుక్కునేవారట. చలికి మనం కప్పుకునేదానికి చెమట పేరు!

వ్యాఖ్య (నూలు మిల్లులో పనిచేసిన సభ్యుడు):
జిగి గురించి ఒక ముక్క. లేసుకి వాడే మెరిసే కాటన్ దారాన్ని మెర్సరైజ్డ్ అంటాం. జాన్ మెర్సర్ 1844లో నూలుని కాస్టిక్ సోడాలో ముంచి చూశాడు. బలం పెరిగింది, రంగు బాగా పట్టింది, కానీ కుదించుకుపోయింది. 1890లో హొరేస్ లోవ్ అదే పనిని నూలు కుదించుకుపోకుండా లాగి బిగించి పట్టి చేశాడు. అప్పుడొచ్చింది మెరుపు. బిగించకపోతే ఆ జిగి రాదు.

జవాబు:
అన్నయ్యా, ఈ ముక్క కోసమే ఇంత రాసినట్టుంది నాకు! బిగించి పడితేనే జిగి. కానీ బిగి ఒక్కటే ఉన్నా కుదరదు. నా మొదటి స్వెటర్ అట్టలా నిలబడింది, ఒంటి మీద వాలలేదు. రెండూ సమపాళ్ళలో కుదరాలి కాబట్టే ఆ కవి రెండిటినీ విడదీయకుండా చెప్పాడేమో.

చెల్లెమ్మా, మెడ మొదలుపెట్టకముందే 15 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లు. నడిమి 10 సెంటీమీటర్లలో ఎన్ని డబుల్ క్రోషేలున్నాయో ఎంచి ఇక్కడ రాయి. అంచుల దగ్గర ఎంచకు, అక్కడ చెయ్యి బిగుస్తుంది.

వ్యాఖ్య (మొదట అడిగిన సభ్యురాలు):
రాత్రి అల్లానక్కా. 15 వచ్చాయి.

జవాబు:
అయితే 6 మిల్లీమీటర్ల హుక్‌తో ఇంకోసారి చూడు, 14కి దిగొచ్చు. దిగకపోతే అదే నీ చెయ్యి, దాన్ని మార్చకు, లెక్క మారుద్దాం. 76 చైన్లతో మొదలుపెట్టు: వీపు 26, చెయ్యి 10, ఎద 26, చెయ్యి 10, నాలుగు మూలలు. మెడ సుమారు 51 సెంటీమీటర్లొస్తుంది. 12 వరసలకి వీపూ ఎదా 50 చొప్పున, చంక చైన్లు కలిపి 108, అంటే ఛాతీ చుట్టూ 72. ఎలాగైనా మెడ చైన్ మటుకు పెద్ద హుక్‌తోనే అల్లు. పిల్లాడి తల కొలిచావా?