జన్యుశాస్త్రానికి మొదటి పుస్తకం ఏది: లెక్కలున్నదా, కథ చెప్పేదా?

విత్తనాలకొట్టు_తణుకు

నమస్కారమండీ. ఇంటర్‌లో బైపీసీ చదివి, తర్వాత బీకామ్‌లోకి వెళ్లిపోయినవాణ్ని. ఇప్పుడు నాన్నగారి విత్తనాల కొట్టు చూసుకుంటున్నాను. రైతులు ఏదైనా అడిగితే కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితంలో ఉన్నదే అప్పజెప్పాల్సి రావడం నాకే చిరాగ్గా ఉంటోంది. మొన్న ఒక పెద్దాయన అడిగారు: "స్వర్ణ అయితే మా కళ్లంలో గింజలే దాచుకుని మళ్లీ నారు పోసుకుంటాం. దాళ్వా బదులు వేసే మొక్కజొన్నకి మాత్రం ఏటా మీకెందుకు డబ్బులు పొయ్యాలయ్యా?" హైబ్రిడ్ కదండీ అన్నాను. "అదే, హైబ్రిడ్ అయితే ఏం?" అన్నారు. అక్కడితో నా చదువు అయిపోయింది.

పరీక్షల గొడవ లేదు. రాత్రి కొట్టు కట్టేశాక ఓ గంట కూర్చోగలను. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే స్నేహితుడు గ్రిఫిత్స్ వాళ్ల పాఠ్యపుస్తకం 'ఇంట్రడక్షన్ టు జెనెటిక్ అనాలిసిస్' కొనమంటాడు. హైదరాబాదులో ఉన్న మా బావ సిద్ధార్థ ముఖర్జీ రాసిన 'ది జీన్' చదివితే చాలంటాడు. ఒకరి మాట చెబితే ఇంకొకరు నవ్వుతున్నారు. మీరేమంటారు?

మాస్టారు_అమలాపురం

మీ స్నేహితుడి మాటే సగం కరెక్టు బాబూ. కానీ గ్రిఫిత్స్ ఇప్పుడే వద్దు. ముందు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి బయాలజీలో రెండు అధ్యాయాలు చదవండి, అనువంశికత సూత్రాలు ఒకటి, అణుస్థాయిలో అనువంశికత ఒకటి. వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు ఇబ్బంది అనిపిస్తే తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు పక్కన పెట్టుకోండి.

మీ పెద్దాయనకి జవాబు బఠాణీ మొక్కలతో అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ దగ్గరే ఉంది. వరి తన పుప్పొడితో తనే ఫలదీకరణ చెందుతుంది. తరాల తరబడి అలా జరిగేసరికి స్వర్ణ మొక్కలో దాదాపు ప్రతి జన్యువుకీ రెండు ప్రతులూ ఒకటే. పిల్లమొక్క తల్లిలాగే రాక ఏం చేస్తుంది? మొక్కజొన్న హైబ్రిడ్ వేరు. రెండు వేర్వేరు శుద్ధ వంశాలను కలిపి పుట్టించింది కాబట్టి చాలా జన్యువుల్లో ఒక ప్రతి అమ్మది, ఇంకోటి నాన్నది, రెండూ తేడాగా ఉంటాయి. ఆ చేలో గింజలు మళ్లీ నాటితే ఒక్కో జన్యువు దగ్గర సగం మొక్కలే అలా మిగులుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది జన్యువులు తీసుకుంటే, పదిటిలోనూ పాత హైబ్రిడ్‌లాగే ఉండే మొక్క 1024లో ఒకటి. చేను ఎగుడుదిగుడుగా రావడం, దిగుబడి పడిపోవడం అందుకే.

ఈ లెక్క నేను చెబితే మీకు రాదు. కాగితం మీద మీరు వేసుకోవాలి. అందుకే అధ్యాయం చివర లెక్కలు లేని జన్యుశాస్త్రం పుస్తకం ఎంత బాగా రాసినా నేను మొదటి పుస్తకంగా ఒప్పుకోను.

గౌతమి_గట్టు

మాస్టారూ, మీరు బోర్డు మీద జన్యువులు ఎలా కలుస్తాయో చూపించే ఆ గడుల పట్టిక గీయగానే వెనక బెంచీలు కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టేవి. నేనూ అక్కడే కూర్చునేదాన్ని లెండి.

రాత్రి తొమ్మిదింటికి కొట్టు కట్టేసిన మనిషి లావుపాటి పాఠ్యపుస్తకం తెరిస్తే రెండో పేజీకి నిద్రొస్తుంది. కథ పట్టుకుంటే పడుకోబోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు. 'ది జీన్' (2016) నేను అలాగే చదివాను. ఆయన సొంత కుటుంబంలో వచ్చిన మానసిక జబ్బులతో మొదలుపెట్టి, మెండెల్ మఠం నుంచి మోర్గాన్ పండుఈగల దాకా తీసుకెళ్తాడు. అంతకంటే ముఖ్యం, ఈ శాస్త్రం పేరు చెప్పి ఏం చేశారో దాచలేదు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు క్యారీ బక్ అనే యువతికి ఆమె ఇష్టం లేకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం సరేనంది. పాఠ్యపుస్తకంలో ఇది ఏ మూలో చిన్న బాక్సులో ఉంటుంది, ఉంటే. జన్యువుల గురించి చదివినవాడికి మెండెల్ బఠాణీల 3:1 నిష్పత్తి వచ్చి ఇది తెలియకపోతే ఆ చదువు దేనికండీ?

మార్టేరు_మడి

గౌతమి గారూ, ఆ పుస్తకం నాకూ ఇష్టమే. కాకపోతే ఒక సంగతి చెప్పి తీరాలి. 2016లో ఆ పుస్తకంలోంచి ఎపిజెనెటిక్స్ (డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల పని మారడం) భాగం న్యూయార్కర్ పత్రికలో వచ్చినప్పుడు ఆ రంగంలో పనిచేసేవాళ్లే గట్టిగా అభ్యంతరం చెప్పారు. జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే ప్రోటీన్ల ఊసు పక్కనపెట్టి, డీఎన్‌ఏ మీదా దాని చుట్టూ ఉండే ప్రోటీన్ల మీదా రసాయన గుర్తులకే పెద్దపీట వేశాడని. కథ చెప్పేవాడికి ఎక్కడ మలుపు కావాలో అక్కడ శాస్త్రం కొంచెం వంగుతుంది. మొదటిసారి చదివేవాడు ఆ వంపు పట్టుకోలేడు.

మాస్టారి దారిలోనూ నాకు చిక్కే ఉంది. బఠాణీ గింజ నున్నగా ఉంటుంది లేదా ముడతలు పడుతుంది, నున్నదానికి పెద్ద అక్షరం ఆర్, ముడతకి చిన్న అక్షరం ఆర్, అయిపోయింది. ముడత ఎందుకు పడుతుంది? 1990లో తేలింది. పిండిపదార్థానికి కొమ్మలు వేసే ఎంజైమ్ జన్యువులో సుమారు 800 అక్షరాల అదనపు డీఎన్‌ఏ ముక్క దూరి దాన్ని చెడగొట్టింది. పిండి సరిగా తయారవక చక్కెర ఎక్కువవుతుంది, దాంతో గింజ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. ఈ నాలుగు వాక్యాలు లేని మెండెల్ అధ్యాయం ఉత్త అక్షరాల ఆట.

తణుకు అన్నా, నీ కొట్టులోనే పాఠం ఉంది. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మా మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చింది, వశిష్ఠ, మసూరి అనే వరి రకాలకి పుట్టిన బిడ్డ. నీళ్లలో మునిగితే మాత్రం తట్టుకోదు. ఒడిశాలో ఎఫ్‌ఆర్ 13ఏ అని పాత రకం ఒకటుంది, రెండు వారాలు మునిగినా బతికి బయటపడుతుంది. దాని సబ్1 జన్యువును స్వర్ణలోకి తెచ్చి 2009లో స్వర్ణ సబ్1గా విడుదల చేశారు. ఎలా తెచ్చారు? ఆ జన్యువున్న మొక్కతో స్వర్ణను కలిపి, వచ్చిన పిల్లల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. మొదటి సంకరంలో స్వర్ణ వాటా సగం. ఒకసారి వెనక్కి కలిపితే సగటున 75 శాతం, రెండోసారికి 87.5, మూడోసారికి 93.75. ప్రతిసారీ డీఎన్‌ఏ గుర్తులు చూసి, సబ్1 ఉండి మిగతాది స్వర్ణలా ఉన్న మొక్కల్నే ఉంచుకున్నారు. ఇది అర్థమైతే మెండెల్, లింకేజి (దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి రావడం), మార్కర్లు (ఆ డీఎన్‌ఏ గుర్తులు) మూడూ వచ్చేసినట్టే. అందుకే నా ఓటు మొక్కల ప్రజననం పుస్తకానికి. బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలు చదివే బి.డి. సింగ్ 'ప్లాంట్ బ్రీడింగ్' లాంటిది.

ఇంకోటి, సబ్1 నాటిన తర్వాత వచ్చే ముంపుకి. కోతల ముందు తుపానుకి చేను పడిపోతే ఏ సబ్ కాపాడదు. కొట్టులో అమ్మేటప్పుడు అది కూడా చెప్పు.

లంకలో_కుర్రోడు

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, పుస్తకాలెందుకు బాసూ.

మాస్టారు_అమలాపురం

గట్టున కూర్చుని ఈత చూడొచ్చు నాయనా, ఎవరొద్దన్నారు.

రాజోలు_ఏఎన్ఎం

ఇక్కడ అందరూ వరి, బఠాణీ అంటున్నారు. నన్ను మనుషుల గురించి అడుగుతారండి. "అక్కా, మేనరికం చేస్తే పిల్లలకి ఏమన్నా అవుతుందా?" అవుతుందని ఒకరు భయపెడతారు, మా తాతల కాలం నుంచీ చేసుకుంటున్నాం ఏమైందని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ఇద్దరికీ లెక్క తెలీదు.

నేను కాగితం మీద గీసి చూపిస్తాను. ఒక అమ్మమ్మ దగ్గర జబ్బు తెచ్చే జన్యువు ఒక ప్రతి ఉందనుకుందాం. ఆవిడకేమీ లేదు, ఒక్క ప్రతితో జబ్బు రాదు. అది కొడుక్కి వచ్చే అవకాశం సగం. కూతురికి సగం, ఆ కూతురి కూతురికి పావు. ఇప్పుడు మేనమామకీ మేనకోడలికీ పెళ్లి చేశారు. ఇద్దరి దగ్గరా అది ఉండి, ఇద్దరి నుంచీ బిడ్డకి రావాలంటే సగం ఇంటూ పావు ఇంటూ పావు, అంటే 32లో ఒకటి. బావామరదళ్లయితే ఇద్దరికీ పావు పావు, కాబట్టి 64లో ఒకటి. ఆ అమ్మమ్మ దగ్గర ఆ ప్రతి లేకపోతే ఆవిడ వైపు నుంచి ఈ భయమే లేదు. కానీ ఉందో లేదో చాలా ఇళ్లలో ఎవరికీ తెలీదు కదా. ఇంట్లో ఇప్పటికే అలాంటి బిడ్డ పుట్టి ఉంటే కథే వేరు, వెంటనే డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

ఈ లెక్క నాకు కథల పుస్తకం నేర్పలేదు, వరి పుస్తకమూ నేర్పలేదు. వంశవృక్షాలు గీయించే మానవ జన్యుశాస్త్రం అధ్యాయం నేర్పింది. తణుకు తమ్ముడూ, ఏ పుస్తకం కొన్నా ముందు వంశవృక్షాల అధ్యాయం తెరిచి చూడు. గీయమని లెక్కలు ఇచ్చాడా, ఉత్తినే బొమ్మ వేసి వదిలేశాడా?

కాకినాడ_ల్యాబ్

మంచి ప్రశ్న అక్కా. దానికి ఇంకొకటి కలుపుతాను. నాలుక మడత పెట్టగలగడం ఒక్క జన్యువు పని అని ఇప్పటికీ చాలా గైడ్లలో రాస్తున్నారు. 1940లో ఆ మాట అన్నది స్టర్టెవాంట్ అనే జన్యుశాస్త్రవేత్త. తర్వాత ఒకేలాంటి కవలల్లో ఒకరు మడతపెట్టగలిగి ఇంకొకరు పెట్టలేకపోవడం బయటపడింది. ఆ ఉదాహరణ ఇంకా పుస్తకాల్లో కనబడటం తనకే ఇబ్బందిగా ఉందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. నేను పుస్తకం కొనేముందు ఈ పేజీ వెతుకుతాను. అది యథాతథంగా ఉంటే షెల్ఫులో పెట్టేస్తాను.

అసలు మెండెల్‌తో మొదలుపెట్టడమే తప్పంటున్నవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో జేమీసన్, రాడిక్ కొద్దిమంది విద్యార్థులకు మెండెల్‌ని ముందు పెట్టకుండా, పరిసరాల ప్రభావం, జన్యువుల కలగలుపు పని ముందు పెట్టి పాఠం చెప్పారు. 2017లో ఆ పేపరు వచ్చింది. మామూలు పాఠం విన్నవాళ్లకంటే వీళ్లలో "అంతా జన్యువులే నిర్ణయిస్తాయి" అనే నమ్మకం తగ్గింది. 1902లోనే వెల్డన్ అనే ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త బఠాణీ గింజల్ని వరుసగా పేర్చి చూపించాడు, పసుపు, ఆకుపచ్చ రెండే కాదు, మధ్యలో అన్ని ఛాయలూ ఉన్నాయని.

మాస్టారు_అమలాపురం

ఆ పేపరు సంగతి విన్నాను. విద్యార్థులు కొద్దిమందే. అయినా మాట తీసిపారేసేది కాదు. నా అభ్యంతరం వేరే. వరి దిగుబడి, మనిషి ఎత్తు లాంటివి ఎన్నో జన్యువులూ పొలమూ తిండీ కలిసి చేసే పని. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక్క జన్యువు ఎలా నడుస్తుందో తెలియాలి. రాజోలు అమ్మాయి వేసిన 32లో ఒకటి మెండెల్ లేకుండా వస్తుందా?

కాకినాడ_ల్యాబ్

రాదు మాస్టారూ. మెండెల్ వద్దనడం లేదు. మొదటి అధ్యాయం చదివి పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువ. వాళ్ల బుర్రలో జీవితాంతం మిగిలేది ఆ అధ్యాయమే.

గౌతమి_గట్టు

హమ్మయ్య, అందుకే అంటున్నాను, మూసేయనివ్వని పుస్తకం ఇవ్వండని!

మార్టేరు_మడి

పాత పుస్తకాలతో ఇంకో జాగ్రత్త. మనిషిలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20 వేలు. మానవ జన్యుపటం తొలి చిత్తుప్రతి 2001లో అచ్చయ్యేదాకా దానికి ఎన్నో రెట్లు ఉంటాయని రాసేవారు. 1999లో వచ్చిన మాట్ రిడ్లీ 'జీనోమ్' చాలా చక్కగా చదివిస్తుంది, ఒక్కో క్రోమోజోముకి ఒక అధ్యాయం చొప్పున 23. కానీ అందులో అంకెల్ని ఆ కాలానికే వదిలెయ్యాలి. క్రిస్పర్ కోసం చివర సూచిక చూడండి. జన్యువుల్ని కత్తిరించే పనిముట్టుగా అది వచ్చింది 2012లో. లేకపోతే పుస్తకం అంతకుముందుదే. మెండెల్, లింకేజి నేర్చుకోవడానికి పాత ముద్రణైనా ఫరవాలేదు, అవి మారలేదు. గ్రిఫిత్స్ 7వ ముద్రణ అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వాళ్ల సైట్లో, బుక్‌షెల్ఫ్ అనే చోట డబ్బులివ్వకుండా చూడొచ్చు. వరసగా పేజీలు తిప్పనివ్వదు, పదం వెతికితే ఆ భాగం చూపిస్తుంది.

విత్తనాలకొట్టు_తణుకు

అందరికీ దండాలండీ. ఇలా అనుకుంటున్నాను. ముందు ఎన్‌సీఈఆర్‌టీ అధ్యాయాలు. తర్వాత గ్రిఫిత్స్ సెకండ్ హ్యాండ్‌లో ఏ ముద్రణ దొరికితే అది, లెక్కల కోసం. ఆదివారాలు బావ పంపిన 'ది జీన్', ఎపిజెనెటిక్స్ భాగం మాత్రం మార్టేరు తమ్ముణ్ని అడుగుతూ. మేనరికం లెక్క రాత్రే వేసి చూశాను, బావామరదళ్లకి 64 వచ్చింది.

రాజోలు_ఏఎన్ఎం

మంచిది తమ్ముడూ. కానీ పరిసరాల ప్రభావం మీద అధ్యాయం గ్రిఫిత్స్ లాంటి పుస్తకాల్లో ఎక్కడో వెనక ఉంటుంది. అక్కడిదాకా ఎప్పుడొస్తావో. మెండెల్ అవగానే అది చదువు. కాకినాడ తమ్ముడి మాటలో నిజముంది.

మాస్టారు_అమలాపురం

చదవనీ. నా లెక్క ఒకటి మాత్రం ముందు చెయ్యాలి. అంబాజీపేటలో తయారైన గోదావరి గంగ కొబ్బరి, తూర్పుకోస్తా పొడుగు రకానికీ పొట్టి గంగాబొండానికీ పుట్టిన హైబ్రిడ్. మీ కొట్టుకొచ్చిన రైతు ఆ చెట్టు కాయల్నే మొలకేసి తోట పెడతానన్నాడు. ఏం చెబుతారు?

విత్తనాలకొట్టు_తణుకు

వద్దంటానండీ. మొక్కజొన్న లాగే విడిపోతాయి కదా. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, కొన్ని మధ్యరకం. నర్సరీ నుంచి హైబ్రిడ్ మొలకే తెచ్చుకోమంటాను.

మాస్టారు_అమలాపురం

తల్లి సంగతి చెప్పారు. తండ్రి ఎవరు? పొడుగు రకాలు ఎక్కువగా పరపరాగ సంపర్కం, అంటే వేరే చెట్టు పుప్పొడితో; పొట్టివి ఎక్కువగా స్వపరాగ సంపర్కం, అంటే తమ పుప్పొడితోనే. ఈ హైబ్రిడ్ చెట్టు చుట్టూ పక్కోళ్ల తోటల్లో అన్నీ పొడుగు చెట్లే ఉంటే మీ జవాబు మారుతుందా, మారదా? కాగితం తీసి వెయ్యండి.

లంకలో_కుర్రోడు

మాస్టారూ, ఇది యూట్యూబ్‌లో లేదండీ. జవాబు నాక్కూడా కావాలి.