ఫోటో చూసి వేసిన మంచు చిరుత సొంత బొమ్మ కాదా?

చుక్కలపిల్లి
కాస్త పొడుగు పోస్టు, ఓపికుంటేనే చదవండి. నేను ఆర్టిస్టుని కాను, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మాది జగిత్యాల వైపు పల్లెటూరు, పెళ్ళయ్యాక హైదరాబాద్. మా బాబు వాడకుండా వదిలేసిన ఆయిల్ పాస్టెల్స్ పెట్టెతో మొదలుపెట్టి ఇప్పుడు సుద్దముక్కల్లా పొడి రాలే సాఫ్ట్ పాస్టెల్స్‌లోకి దిగాను. జంతువులే వేస్తాను. మనుషుల మొహాలు నాకు రావు, రావాలని కూడా లేదు.

ఈమధ్య మా కాలనీలో పెట్టిన బొమ్మల పోటీకి ఒక మంచు చిరుతని వేసి ఇచ్చాను. బూడిద రంగు కాగితం మీద ముందు ముదురు గోధుమ, ఊదా, నీలం పరిచి, పైన లేత రంగుల్లో వెంట్రుకలు లాగి, చివర్లో తెలుపు. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. తీరా జడ్జిగా వచ్చినాయన "దీన్ని ఎక్కడ చూశారమ్మా?" అని అడిగితే ఫోటోలో అని చెప్పాను. "ఫోటో చూసి దించింది సొంత బొమ్మ కిందికి రాదు" అని తీసి పక్కన పెట్టేశారు. రూల్స్ కాగితంలో ఆ మాటే లేదు. ఒక మంచు చిరుత వేయడానికి నేను లడఖ్ కొండల్లో కాపు కాయాలా? న్యాయమేనా మీరే చెప్పండి. బొమ్మ కింద పెడుతున్నా.

ముగ్గుపిండి
అబ్బ, ఆ కళ్ళు! ఇది తీసేశారా? ఘోరం అక్కా.

పొదచాటు
బొమ్మ బాగుంది, చేయి తిరిగింది, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఫోటో ఎవరిది మేడమ్? మీ పోస్టులో కాగితం రంగు ఉంది, ఊదా ఉంది, నీలం ఉంది, ఫోటో తీసినవాడి పేరు మాత్రం లేదు.

నా బాధ చెప్తాను. ఉప్పలపాడు చెరువు దగ్గర చీకటితో వెళ్ళి కూర్చుని, పిల్ల గూడబాతు తల్లి నోటి సంచిలో తల మొత్తం దూర్చి తింటున్న ఫోటో తీశాను. ఆ క్షణం కోసం ఎన్ని ఆదివారాలు పోయాయో మా ఆవిడని అడగండి. తర్వాత ఒక కాఫీ షాపుకి వెళ్తే గోడ మీద అదే తల్లి, అదే పిల్ల, అదే వంపు, పెయింటింగ్ రూపంలో. కింద వేరేవాళ్ళ సంతకం, పక్కన రేటు. ఫోన్ చేసి అడిగితే "నెట్‌లో దొరికిందండీ" అన్నారు. దొరకడమేంటి, రోడ్డు మీద పడి ఉందా?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం ఫోటో కూడా కళాకృతే, తీసినవాడే దాని కర్త. తీసినవాడు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఇంట్లో ప్రాక్టీసుకి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. పోటీకి పెట్టినా అమ్మినా మాత్రం అడగాలి.

చుక్కలపిల్లి
మీ గూడబాతు విషయంలో జరిగింది తప్పే, ఒప్పుకుంటా. నాది అలాంటిది కాదు. ఎవరైనా వాడుకోవచ్చని తీసినవాళ్ళే పెట్టే సైట్లుంటాయి కదా, అన్‌స్ప్లాష్ లాంటివి, అక్కడ తీసుకున్నా. పేరు బొమ్మ వెనకాల రాశాను కూడా.

పొదచాటు
వెనకాల రాస్తే ఎవరికి కనబడుతుంది? ముందు రాయాలి.

సుద్దముక్క
రిటైరైన డ్రాయింగ్ మాస్టర్ని. ఈ చట్టాల గొడవ నాకు అనవసరం. ఒక్కటే ప్రశ్న అమ్మా. గళ్ళు గీసి దించారా, చూసి వేశారా?

చుక్కలపిల్లి
గళ్ళు గీశాను మాస్టారూ. దాచేదేముంది. మొహం కొలతల వరకే, మిగతాది చూసి వేసిందే. తోక అయితే ఫోటోలో సగం బండ వెనకాల ఉంది, నేనే బయటికి తెచ్చి ముందుకి చుట్టాను.

సుద్దముక్క
అనుకున్నాను. గళ్ళు గీస్తే చెయ్యి పని చేస్తుంది, కన్ను పని చెయ్యదు. ఒక గడిలో ఉన్న గీతని ఇంకో గడిలోకి మార్చడం గుమాస్తా పని.

ఇంకొకరు చూసిన దాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌ని అడగండి. 1515లో మన గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఒక ఖడ్గమృగాన్ని గోవా నుంచి ఓడలో లిస్బన్‌కి పంపారు. ఆయన జర్మనీలో ఉండి, ఎవరో పంపిన ఉత్తరాన్నీ చిన్న స్కెచ్‌నీ చూసి దాని బొమ్మ చెక్కించాడు. ఒంటి మీద ఇనప కవచంలాంటి పలకలు, వీపు మీద లేని కొమ్ము ఒకటి. అంతటి మహానుభావుడికే తప్పలేదు. జంతువు ఎదురుగా ఉండాలి, ఊపిరి పీల్చాలి, కదలాలి, మీకు విసుగు తెప్పించాలి. అప్పుడే అది బొమ్మ.

ముగ్గుపిండి
ఆ ఖడ్గమృగం బొమ్మనే కదా మాస్టారూ ఐదొందల ఏళ్ళుగా జనం చూస్తున్నారు 😀 చూసి వేసినవాళ్ళ బొమ్మలేమయ్యాయో మరి.

డాలస్‌బాబాయి
నా గొడవ వేరు. మా కుక్క పోయాక మా అమ్మాయి అన్నం మానేస్తే, ఫోన్లో ఉన్న ఫోటోలు పంపి విజయవాడలో ఒకావిడ దగ్గర పాస్టెల్‌లో బొమ్మ వేయించాను. ఎడమ చెవి సగం వంగి ఉండేది వాడికి, అది కూడా వచ్చింది. పోయినదాన్ని ఎదురుగా ఎలా కూర్చోబెట్టమంటారు మాస్టారూ?

సుద్దముక్క
పెంపుడు కుక్క సంగతి వేరు. అది జ్ఞాపకం.

డాలస్‌బాబాయి
వేరెలా అవుతుందండీ? వేసినావిడకి అదేం జ్ఞాపకం కాదుగా, ఆవిడ మా కుక్కని చూడనే లేదు.

పొదచాటు
బొమ్మని జూమ్ చేసి చూశాను. కుడివైపు మీసాల్లో పైనుంచి రెండోది మధ్యలో విరిగి ఉంది. అంటే ఆ ఫోటోలోని చిరుతకి విరిగిన మీసం ఉంది, అది కూడా ఉన్నదున్నట్టు దింపేశారు. చూసి ప్రేరణ పొందితే మీసం విరగదు మేడమ్. దించితేనే విరుగుతుంది.

చుక్కలపిల్లి
విరిగి ఉంది కాబట్టే వేశా. ఎక్కడ విరగ్గొట్టుకుందో, దేనితో కొట్లాడిందో అని చాలాసేపు ఆలోచించా. ఆ బొమ్మలో నాకు ఇష్టమైంది అదే.

పొదచాటు
ఆ ఆలోచన ఫోటో తీసినవాడికి ముందొచ్చింది.

ముగ్గుపిండి
మీసం విరిగింది చిరుతకి అన్నా, ఫోటోగ్రాఫర్‌కి కాదు.

రంగులపొడి
ఎదురుగా చూస్తేనే నిజం కనబడుతుందనే వాదన గుర్రాల దగ్గర తేలిపోతుంది మాస్టారూ. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ పందెం బొమ్మ చూడండి. గుర్రాలు ముందు కాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ చాపేసి గాలిలో తేలుతుంటాయి. ఆయన గుర్రాలు తెలియనివాడు కాదు, బాగా స్వారీ చేసేవాడు. తరతరాలుగా అందరూ కళ్ళారా చూసి అలాగే వేశారు. 1878లో మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని వరసగా ఫోటోలు తీశాక తేలింది, నాలుగు కాళ్ళూ నేలని వదిలేది చాపినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు అని. పాస్టెల్‌లో మనమంతా దండం పెట్టే దేగా ఆ మైబ్రిడ్జ్ ఫోటోలు చూసి గుర్రాల్ని గీసుకున్నాడు. ఆయన్ని కూడా పోటీలోంచి తీసేద్దామా?

సుద్దముక్క
దేగా గుర్రప్పందేలకి వెళ్ళి చూసినవాడు కూడా. ఫోటో ఆయనకి రెండోది, గుర్రం మొదటిది. ఈ అమ్మాయికి ఫోటో తప్ప ఏముంది?

అసలు నాకు అర్థం కానిది ఇంకొకటి. మాది పల్లెటూరు అని మీరే రాశారు. ఎంత సంపద అది! గేదె ఒంటి మీద ఎండ పడితే ఆ నలుపులో నీలం, రాగి, ఊదా ఎన్ని కనబడతాయి, పాస్టెల్‌కి అంతకన్నా ఏం కావాలి? మేక కన్ను ఎప్పుడైనా దగ్గరగా చూశారా, పాప అడ్డంగా పలకలా ఉంటుంది. ఒంగోలు గిత్త మూపురం ఉంది. ఇవన్నీ పెరట్లో పెట్టుకుని, జన్మలో చూడని మంచుకొండల పిల్లి మీద పడ్డారు. అది అరువు తెచ్చుకున్న ప్రేరణ. మీ బతుకులోంచి వచ్చింది కాదు. మన జంతువులంటే మనకే చిన్నచూపు.

చుక్కలపిల్లి
ఓహో. ఇంతసేపూ గళ్ళ గురించి అనుకున్నా, కాదన్నమాట. నేను గేదెని వేయలేదని మీ బాధ.

సరే చెప్తా వినండి. మా ఇంట్లో గేదెలుండేవి. తెల్లారకముందే లేచి పేడ తీసేది నేను. మా అన్న కాదు, నేను. చెరువుకి తోలుకెళ్ళి కడిగింది నేను, పిడకలు కొట్టింది నేను, టెన్త్ పరీక్ష రోజు కూడా పాలు పోసి వచ్చాకే హాల్ టికెట్ చేతిలోకి తీసుకుంది నేను. మేక కన్ను చూశారా అని అడుగుతున్నారు. మేక ఈనలేక అవస్థ పడుతుంటే పిల్లని చేత్తో బయటికి లాగినదాన్ని. దాని కంటి పాప ఎలా ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. మీకు గేదె నలుపులో ఊదా రంగు కనబడుతుంది, నాకు గోమార్లు కనబడతాయి. ఎందుకంటే వాటిని ఏరింది నేను కాబట్టి.

నేను రంగులు పట్టుకునేది రాత్రి గిన్నెలు కడిగాక. ఆ కాసేపు కూడా గేదె దగ్గరికే పొమ్మంటారా? మంచు చిరుత నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. దానికి కుడితి పెట్టక్కర్లేదు, పాలు పిండక్కర్లేదు, తప్పిపోతే వెతుక్కుంటూ పోయి తిట్లు తినక్కర్లేదు. ఏ పనీ లేకుండా ఊరికే చూడటానికి నాకు దొరికిన మొదటి జంతువు అది. అరువంటారా, అరువే అనుకోండి.

సిటీలో పుట్టినవాళ్ళు పులిని వేస్తే "మీ మెట్ల కింద పిల్లి ఉందిగా" అని ఎవరూ అడగరు. పల్లెటూరి దాన్ని కాబట్టి గేదెనే వేయాలి, అది చూసి మీరు ఎంత సహజంగా ఉందో అనుకోవాలి.

ముగ్గుపిండి
🔥

డాలస్‌బాబాయి
చెల్లెమ్మా, ఇది ఆ జడ్జిగారికి చదివి వినిపించాలి.

సుద్దముక్క
నన్ను పల్లెటూరి అందాల భజన చేసేవాడి కింద కట్టేశారు. నా సంగతి కూడా వినండి. సర్వీసంతా పిల్లల చేత బొమ్మలు వేయించాను. సీనరీ వేయమంటే ప్రతివాడూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక నది, ఒక కొబ్బరి చెట్టు. మేం ఉన్నది కృష్ణా డెల్టా, చూపు మేర ఒక్క కొండ లేదు. ఎక్కడిదిరా కొండ అంటే చార్టులో ఉంది సార్ అనేవాళ్ళు. గేదెని వేయమంటే కొమ్ములు ఆవు కొమ్ముల్లా పైకి పెట్టేవాళ్ళు, ఇంట్లో గేదెలుండి కూడా. అచ్చులో ఉన్నదే బొమ్మ, ఇంటి ముందు ఉన్నది బొమ్మకి పనికిరాదు అని ఎవరు నేర్పారు వాళ్ళకి? ఆ కోపం నాది. మీ మీద కాదు.

చుక్కలపిల్లి
కోపం ఎవరి మీదైనా బొమ్మ తీసేసింది నాది కదా. ఇంకోటి, ఆ పిల్లలకి గేదె కొమ్ము ఎటు తిరుగుతుందో తెలుసు మాస్టారూ. పొడిపించుకున్నవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? వేయబుద్ధి కాలేదంతే. బడికొచ్చేదే దాన్నించి కాసేపు తప్పించుకోవడానికి.

సుద్దముక్క
వేయబుద్ధి కాకపోవడం దగ్గరే కదా నా గొడవంతా. వాళ్ళ చాకిరీ వాళ్ళకి బొమ్మగా కనబడకపోతే దాన్ని ఎవరు వేస్తారు? మీరన్నట్టు ఎండలో నిలబడి ఊదా రంగు చూసే నాలాంటివాడే వేస్తాడు, గోమార్లు వదిలేసి. మీరు వేస్తే గోమార్లతో వేస్తారు. అది నేను చూడాలి. ఒక్క గేదె కన్ను వేసి పెట్టండి. గళ్ళు గీసుకున్నా ఏమీ అనను.

చుక్కలపిల్లి
వేయను.

రంగులపొడి
మాస్టారూ, ఆవిడ వేయకపోవడం కూడా ఆవిడ ఇష్టమే కదా. గోమార్లున్న గేదె బొమ్మ మీకు కావాలి, ఆవిడకి కాదు.

సుద్దముక్క
నాకు కావాలనే అంటున్నాను. అడగడం తప్పా?

పొదచాటు
ఇదంతా కదిలించే విషయమే, కాదనను. కానీ చిన్నప్పుడు గేదెలు కడిగినంత మాత్రాన ఇంకొకరి ఫోటో మీద హక్కు రాదు. మీసం సంగతి ఇంకా తేలలేదు.

డాలస్‌బాబాయి
బాబూ నీకు దండం పెడతా, ఆ మీసం వదిలెయ్.

అడ్మిన్
వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. పోటీ నిర్వాహకుల వివరాలు అడుగుతూ నాకు మెసేజ్‌లు పెడుతున్నవాళ్ళు ఆపండి, ఇక్కడ పేర్లు రాయనివ్వం.

చుక్కలపిల్లి
పేర్లు నేను చెప్పను కూడా. వచ్చే ఏడాది రూల్స్‌లో "ఫోటో చూసి వేసినవి" అని వేరే విభాగం పెట్టమని కాలనీ వాళ్ళకి రాశాను, జవాబు రాలేదు. ఈలోపు అదే చిరుతని పెద్ద సైజులో మొదలుపెట్టాను, ఈసారి పడుకున్నట్టు. ఒక్క సాయం కావాలి. రంగు రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టగానే తెలుపు మసకబారిపోతోంది, మంచు అంతా బూడిదలా అయిపోయింది. ఏం చేయాలి?

రంగులపొడి
ఫిక్సేటివ్ కొడితే లేత రంగులు ఎప్పుడూ కాస్త ముదురుతాయి. చివరి తెలుపు వేయకముందే, దూరం నుంచి పల్చగా కొట్టి ఆరనివ్వండి. తర్వాత మెత్తటి తెలుపు కడ్డీతో మంచు, మీసాలు వేసి వదిలేయండి, మళ్ళీ కొట్టొద్దు. పొడి రాలితే నోటితో ఊదకండి, బోర్డు నిలువుగా పెట్టి తట్టండి, ఊదితే అంతా ముక్కులోకే. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మకి తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించండి. అద్దం బదులు యాక్రిలిక్ షీట్ చవకని ఒప్పుకోవద్దు, దాని స్టాటిక్‌కి రంగు పొడి అంతా లేచి దానికే అంటుకుంటుంది.

సుద్దముక్క
కాగితం గరుకు వైపు వేస్తున్నారా, నున్నటి వైపా? మొదటి బొమ్మలో మెడ దగ్గర రంగు పట్టలేదు.

చుక్కలపిల్లి
నున్నటి వైపు. ఈసారి గరుకు వైపు చూస్తా మాస్టారూ.

పొదచాటు
ఫోటో తీసినవాడి పేరు ముందు వైపు రాయండి.