పీహెచ్ ఒకటే, కానీ క్షారం ఖర్చులో ఇంత తేడా ఎందుకు?

రసాయనశాస్త్రం తెలిసినవారు కాస్త సాయం చేయండి. మా చెల్లెలికి ఆమ్లాల పాఠం చెబుతున్నాను. నీటిలో ఎంత ఆమ్లం కలిసి ఉందన్నది గాఢత, కలిసిన అణువుల్లో ఎన్ని అయాన్లుగా విడిపోతాయన్నది బలం. ఇంతవరకు తనకు బాగానే అర్థమైంది. చిక్కంతా ఆ తర్వాతే.

0.1 మోలార్ (మోలార్ అంటే గాఢతను చెప్పే ప్రమాణం) ఎసిటిక్ ఆమ్లం పీహెచ్, అంటే ద్రావణం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే కొలత, దాదాపు 2.9. 0.001 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 3. పీహెచ్ కాగితం మీద రెండూ ఇంచుమించు ఒకే రంగు చూపిస్తాయి. కానీ చెరో 10 మిల్లీలీటర్లు తీసుకుని క్షారమైన 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరిస్తే మొదటిదానికి 10 మిల్లీలీటర్లు పడుతుంది. రెండోదానికి 0.1 మిల్లీలీటరు, అంటే సుమారు రెండు చుక్కలు చాలు!

ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ అణువులే విడిపోయి ఉన్నప్పుడు, మిగతావన్నీ క్షారంతో ఎలా చర్య జరుపుతున్నాయని తన ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. సమతాస్థితి (అణువులు విడిపోవడం, అయాన్లు తిరిగి కలవడం ఒకే వేగంతో సాగే స్థితి) కుడివైపుకు, అంటే విడిపోయే వైపుకు, జరుగుతుందని చెప్పాను గానీ, తను ఇంకా ఆ పాఠం దాకా రాలేదు. లెక్కల్లోకి వెళ్లకుండా, అలాగని తప్పు చెప్పకుండా దీన్ని ఎలా వివరించాలి? మెగ్నీషియం ముక్కలు వేసి బుడగలు పోల్చి చూపిస్తే సరిపోతుందా?